తొక్కిసలాట అంటే తప్పు జనానిదే అయిపోతోంది

సంపాదకులు గారికి,

2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో, 2025 జనవరి 8న తిరుపతిలో దర్శనం టోకెన్ల దగ్గర ప్రాణాలు పోతే మనం వాడిన మాట తొక్కిసలాట. ఆ మాట వింటే జనం ఆగలేక తోసుకున్నారు అనిపిస్తుంది. కానీ ఇలాంటి చోట్ల చాలామంది నిలబడే ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక చనిపోతారు. చదరపు మీటరులో ఐదారుగురిని మించి ఇరుక్కుంటే మన అడుగు మన చేతిలో ఉండదు, గుంపంతా నీళ్లలా కదులుతుంది, వెనక పడిన తోపు ముందున్నవాళ్లకి అలలా వచ్చి తగులుతుంది.

స్పెయిన్‌లోని పాంప్లోనా ఉత్సవంలో శాస్త్రవేత్త డెనిస్ బార్తొలో బృందం పైనుంచి వీడియోలు తీసి చూసింది. ఎవరూ కావాలని నెట్టకపోయినా కిక్కిరిసిన జనం వందల మంది ఒకేసారి, దాదాపు 18 సెకన్లకోసారి గుండ్రంగా ఊగుతున్నారు! 2025లో నేచర్ పత్రికలో వచ్చిందిది. అంటే ఆ ఊపు మొదలవగానే కెమెరాలో కనిపెట్టి, వచ్చే దారి ఆపెయ్యొచ్చు.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఏ ఘాట్‌లో ఎన్ని చదరపు మీటర్లు, ఒకేసారి ఎంతమందిని పంపుతారు, బయటికి దారి ఎటు, ఇవి అధికారులు ఇప్పుడే లెక్కగట్టి మాకు చెప్పాలి. గేటు ఘాట్ దగ్గర కాదు, ఊరి మొదట్లోనే వెయ్యాలి.

- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం