మోడరేటర్ గారూ, పారిష్ హాళ్ల తలుపులు తెరిపించండి

దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ. చర్చి) పెద్ద అయిన మోడరేటర్ గారికి వందనాలు.

మెదక్ చర్చి కరువులో పుట్టింది. మిషనరీ పాస్నెట్ ఆకలితో ఉన్నవారికి పని కల్పించి కట్టించిన ఆ మందిరాన్ని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. ఊరి కష్టమే ఆనాడు సంఘానికి పని అయింది. మరి నేడు? పదో తరగతి తప్పిన పిల్లవాడు, అప్పుల యాప్ వేధింపులతో నిద్ర కరువైన యువతి ఆరాధనలో వెనుక బెంచీ మీద కూర్చుని, ఎవరూ పలకరించకుండానే వెళ్లిపోతున్నారు. ప్రసంగంలో వాళ్ల ఊసే ఉండదు. 2013లోనే నంద్యాలకు ఒక మహిళను, పుష్పలలిత గారిని, బిషప్‌గా నియమించిన సంఘం మనది. మార్పు మనకు చేతకానిది కాదు. స్థానిక చర్చిలను నడిపే పాస్టరేట్ కమిటీల్లో యువతకు ఓటుతో కూడిన స్థానాలివ్వండి. వారమంతా తాళం పడి ఉండే చర్చిల పారిష్ హాళ్లను సాయంత్రాలు చదువుకునే పిల్లల కోసం, ఏ మతం వారైనా సరే, తెరిపించండి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు