వార్షిక నివేదిక: క్యాన్సర్ వచ్చినవారిని విద్యార్థులు ఎలా చూస్తున్నారో కొలిచే పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం తలకెత్తుకున్న పెద్ద పని ఒకటే. క్యాన్సర్ వచ్చిన మనిషిని శ్రీకాకుళం జిల్లా డిగ్రీ, నర్సింగ్ విద్యార్థులు ఎలా చూస్తున్నారో కొలవడానికి తెలుగులో నమ్మదగ్గ ప్రశ్నపత్రం తయారు చేయడం. రోగులకు తోడుగా విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లడం, వైద్య సేవ కార్డుల పనులు చూడడం ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలు, జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా అందిస్తారు. ఈ నివేదిక ప్రశ్నపత్రం గురించే.

ఈ పని మన జిల్లాలోనే ఎందుకు అంటే, అడ్డపొగ వల్ల. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన తీర గ్రామాల్లో ఆడవాళ్లలోనే ఎక్కువ. డెన్మార్క్ నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్ బృందం ఇక్కడి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మార్పులను 1971లోనే ప్రచురించింది. అంటే అర్ధశతాబ్దం కిందటే వైద్యులకు తెలిసిన సంగతి ఇది. అయినా అంగిలి మీద తెల్లమచ్చో ఎర్రమచ్చో కనబడితే ఇంట్లో చెప్పడానికి ఇప్పటికీ వెనకాడతారు. చెబితే ముందు వచ్చే మాట "చేజేతులా తెచ్చుకున్నావు" అని. చుట్ట మానమని ఊరూరా చెప్పేది మనమే. ఆ ప్రచారం చుట్టతోపాటు చుట్ట కాల్చిన మనిషిని కూడా దోషిని చేస్తోందా అన్నది మనం మొహం చాటేయకూడని ప్రశ్న. దానికి జవాబు కావాలంటే నిందను భయం నుంచి, భయాన్ని మొహమాటం నుంచి విడదీసి కొలవాలి.

అందుకే సొంతంగా పది ప్రశ్నలు అల్లుకోకుండా, మార్లో, వార్డిల్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో రూపొందించి 2014లో ప్రచురించిన క్యాన్సర్ స్టిగ్మా స్కేల్‌ను (క్యాన్సర్ వచ్చినవారిని తక్కువగా, వేరుగా చూడడాన్ని కొలిచే ప్రశ్నపత్రం) ఎంచుకున్నాం. ఇందులో 25 వాక్యాలు, ఆరు విభాగాలు ఉన్నాయి. రోగి దగ్గర ఉన్నప్పుడు కలిగే ఇబ్బంది, జబ్బు తీవ్రత మీద నమ్మకం, దూరం పెట్టడం: ఈ మూడింటికీ ఐదేసి వాక్యాలు. రోగినే బాధ్యుణ్ణి చేయడానికి నాలుగు. ప్రభుత్వ సాయాన్ని వ్యతిరేకించడానికి మూడు, బ్యాంకు అప్పు, బీమా విషయాల్లో వివక్షకు మూడు. ప్రతి వాక్యానికీ "అస్సలు ఒప్పుకోను" నుంచి "పూర్తిగా ఒప్పుకుంటాను" దాకా ఆరు గడులు. నడిమి గడి లేదు కాబట్టి ఎటో ఒకవైపు మొగ్గక తప్పదు.

ఏడాదిలో ఎక్కువ కాలం తిన్నది అనువాదం. ఇద్దరు వేర్వేరుగా తెలుగు చేయాలి, ఆ రెండింటినీ కూర్చోబెట్టి ఒకటి చేయాలి, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. ఆ తర్వాత విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఈ వాక్యం నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు" అని ఒక్కొక్కటే అడగాలి. దోషాలు బయటపడేది ఈ చివరి మెట్టులోనే. తిరుగు అనువాదం చక్కగా కుదిరినా తెలుగు వాక్యం తప్పుదారి పట్టించవచ్చు. ఉదాహరణకు "క్యాన్సర్ వచ్చిన మనిషే తన జబ్బుకు బాధ్యత వహించాలి" అన్న వాక్యం. ఇంగ్లిష్‌లోకి మారిస్తే సరిగ్గానే ఉంటుంది. చదివినవాళ్లు మాత్రం "అవును, మందులు వేళకు వేసుకోవాలి కదా" అని ఒప్పుకుంటారు. నింద కొలుద్దామని వేసిన ప్రశ్న జాగ్రత్తను కొలిచింది. దాన్ని "జబ్బు రావడానికి ఆ మనిషే కారణం" అని మార్చాం.

ఈ విభాగంలోనే ఇంకో చిక్కు ఉంది. మూలంలో నాలుగు వాక్యాలకూ నాలుగు వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో అన్నీ "తప్పు" దగ్గరికే చేరిపోతాయి. నాలుగూ ఒకేలా వినిపిస్తే విద్యార్థి నాలుగింటికీ ఒకే గడి కొడతాడు. లెక్కలో పొందిక బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ అది ఒకే ప్రశ్నను నాలుగుసార్లు అడిగినందువల్ల వచ్చిన పొందిక. ఆ పొందికను చూపే అంకె క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటితే విభాగం నిలబడిందంటారు. 0.95 కూడా దాటితే సంతోషించకుండా వాక్యాలు మళ్లీ చదవాలి.

"ఇబ్బంది" అన్న మాట కూడా తిప్పలు పెట్టింది. "క్యాన్సర్ ఉన్నవారి దగ్గర ఉండడం ఇబ్బంది" అంటే ఎవరికి ఇబ్బంది? సగం దూరం చదివి "పాపం, వాళ్లకి ఇబ్బందే" అనుకోవచ్చు. "నాకు" అని ముందే పెడితే సందేహం తీరింది. "తోటి ఉద్యోగి" స్థానంలో "తోటి విద్యార్థి" వచ్చింది, ఆ మార్పును పత్రం వెనుక నమోదు చేశాం. ఇంటి తాకట్టు రుణం మన పిల్లలకు దూరపు సంగతి కాబట్టి "ఇల్లు కట్టుకోవడానికి అప్పు" అన్నాం. "దూరం పెట్టను అని చెప్పలేను" వంటి రెండు కాదుల వాక్యం ఒక్కటి కూడా మిగలకుండా చూశాం. స్టిగ్మాను పుస్తకాల్లో కళంకం అంటారు. ఆ మాట గానీ, "వివక్ష" గానీ ఫారం మీద ఎక్కడా లేవు. పైన "ఆరోగ్యం గురించి విద్యార్థుల అభిప్రాయాలు" అని మాత్రమే ఉంటుంది, ఎందుకంటే శీర్షికే జవాబు చెప్పేస్తే మంచిపిల్లల్లా రాసేస్తారు.

మన దగ్గర ఉండి ఈ స్కేల్‌లో లేనివి మూడు: ఆ ఇంటి సంబంధం వద్దనుకోవడం, పళ్లెం గ్లాసు వేరుగా పెట్టడం, ఖర్మ అనుకోవడం. ఖర్మ అనేవారు రోగిని నిందిస్తున్నారా, ఓదారుస్తున్నారా అన్నది ఒక్క వాక్యంతో తేలదు. ఈ మూడింటినీ 25 తర్వాత వేరే పేజీలో పెట్టాం. వాటి మార్కులు అసలు స్కేల్‌లో కలపరాదు. కలిపితే ఇతర చోట్ల ఫలితాలతో పోల్చుకునే వీలు పోతుంది.

ఇక తరగతి గదిలో. పత్రం నింపడానికి 20 నిమిషాలు చాలు, కానీ ఆ 20 నిమిషాలూ పాఠం చెప్పే మాస్టారు గదిలో ఉండకూడదు. హాజరు వరుసలో పత్రాలు పంచకూడదు, పేరు, రోల్ నంబరు అడగకూడదు. నింపిన పత్రాన్ని ఎవరిది వాళ్లే మడిచి పెట్టెలో వేయాలి. అవగాహన ప్రసంగం ముందు చెప్పి తర్వాత పత్రం ఇవ్వడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. అప్పుడు వచ్చేవి ప్రసంగానికి జవాబులు. ప్రపంచ క్యాన్సర్ దినం ఫిబ్రవరి 4 చుట్టుపక్కల వారంలోనూ ఇదే బెడద. క్యాన్సర్ అంటదని చెప్పాల్సింది కూడా పత్రాలు పెట్టెలో పడ్డాకే. చెప్పేటప్పుడు జాగ్రత్త: క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే హెచ్‌పీవీ, కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్ బి వైరస్‌లు మాత్రం అంటుతాయి, రెండింటికీ టీకాలున్నాయి. సగం చెబితే నర్సింగ్ పిల్లలే నిలదీస్తారు.

"మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?" అన్న ప్రశ్న చివరి పేజీలోనే ఉండాలి. నోటితో, చేతులెత్తించి ఎన్నడూ అడగవద్దు. ఆ ప్రశ్న దగ్గర ఏ అమ్మాయో కలం ఆపి కిటికీకేసి చూస్తూ ఉండిపోతే, పత్రం అక్కడే వదిలి బయటికి వెళ్లవచ్చని మెల్లగా చెప్పాలి. మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416 ప్రతి పత్రం అడుగున అచ్చు వేశాం, చింపి తీసుకెళ్లేలా.

ఇంటర్ విద్యార్థులను ఈసారి కావాలనే వదిలేశాం. 18 నిండనివారికి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, దానితోపాటు విద్యార్థి సొంత సమ్మతి రెండూ ఉండాలి. ప్రిన్సిపాల్ సంతకం వాటికి బదులు కాదు.

మార్కులు వేయడంలో అందరూ తప్పేది ఐదు వాక్యాల దగ్గర. రోగి పక్కన హాయిగా, స్థిమితంగా ఉండగలనన్న రెండు, ప్రభుత్వ సాయం, సంరక్షణ గురించిన మూడు తిరగేసినవి. వీటికి 7 లోంచి గడి అంకె తీసేయాలి: 6 పడితే 1, 2 పడితే 5. ఇది మరిచిపోతే అందరికంటే దయగల విద్యార్థి కఠినుడిగా తేలతాడు. ఆరు విభాగాలకూ ఆరు సగటులు వేరుగా తీయాలి. ఒక విభాగంలో రెండు ఖాళీలుంటే ఆ విభాగం లెక్కించం. 25 వాక్యాలకూ పైనుంచి కిందికి ఒకే గడి కొట్టిన పత్రాన్ని పక్కన పెట్టాలి, ఎన్ని పక్కన పెట్టామో రాసుకోవాలి.

సభ్యులు చాలామంది ఫలితాల అంకెలు అడిగారు. ఈ ఏడాది నింపించినవన్నీ వాక్యాలను పరీక్షించడానికి నింపించినవే. మధ్యలో వాక్యాలు మారాయి కాబట్టి ఆ అంకెలను జిల్లా విద్యార్థుల అభిప్రాయంగా చూపడం అన్యాయం. అసలు సర్వేకు వాక్యానికి పదిమంది చొప్పున కనీసం 250 మంది కావాలి. అదీ సరిపోదు. ఒకే తరగతిలో చదివేవాళ్ల ఆలోచనలు కలుస్తాయి. తరగతికి 40 మంది, వాళ్ల జవాబుల మధ్య పోలిక (0 అంటే ఏమీ లేదు, 1 అంటే పూర్తిగా ఒకటే) 0.05 అనుకున్నా ఆ 250కి 1 + 39 × 0.05 = 2.95 రెట్లు, అంటే దాదాపు 740 మంది. ఒకే కాలేజీలో 740 మందిని పట్టుకోవడం కంటే, ఎక్కువ కాలేజీల్లో తక్కువమంది చొప్పున తీసుకోవడం మేలు.

వచ్చే ఏడాది ముందుగా అదే విద్యార్థులకు రెండు వారాల ఎడంతో పత్రం రెండుసార్లు ఇచ్చి జవాబులు నిలుస్తున్నాయో చూస్తాం. ఆ తర్వాతే సర్వే. నింద విభాగంలో సగటు ఎక్కువగా వస్తే మన పొగాకు కరపత్రాలు తిరిగి రాయాలని కార్యవర్గం ఇప్పటికే తీర్మానించింది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇంటి భాషగా ఉన్న విద్యార్థులకు తెలుగు పత్రం ఇవ్వడం సరికాదు. ఒడియా, తెలుగు రెండూ చదవడం రాయడం వచ్చిన సభ్యులు నలుగురు కావాలి: ఇద్దరు అనువాదానికి, ఒకరు రెండింటినీ కలపడానికి, మూలం చూడని ఒకరు తిరుగు అనువాదానికి. పేర్లు కార్యదర్శికి ఇవ్వగలరు.