వార్షిక నివేదిక 2024–25: కళాశాలల మహిళా జట్ల బాస్కెట్‌బాల్ పోటీ, విజయనగరం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

2024–25 సంవత్సరంలో మన సంఘం చేపట్టిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మంచినీళ్లు, మజ్జిగ పంచడం, వేసవిలో చలివేంద్రం నడపడం, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు అనుబంధ పట్టికలో ఉన్నాయి కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కొత్తగా తలకెత్తుకున్న పని ఒక్కటే: పట్టణంలోని రెండు కళాశాలల అమ్మాయిల జట్ల మధ్య డిసెంబరులో జరిపించిన బాస్కెట్‌బాల్ మ్యాచ్. దాన్ని మెచ్చుకున్న సభ్యులూ ఉన్నారు, నొచ్చుకున్న సభ్యులూ ఉన్నారు. ఇద్దరికీ సమాధానం చెప్పవలసిన బాధ్యత ఉంది కనుక నివేదికలో అధిక భాగం దానికే కేటాయించాను.

ఊళ్లో అందరూ పిలుచుకునే తీరులోనే వాటిని కోట జట్టు, స్టేషను జట్టు అని రాస్తున్నాను. ఈ రెండు కళాశాలల మధ్య పోటీ ఆటతో పుట్టినది కాదు. అడ్మిషన్లలో, ర్యాంకుల్లో, యువజనోత్సవాల నాటికల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఒకే ఇంట్లో అక్క కోట వైపు, చెల్లి స్టేషను వైపు చదువుతున్న కుటుంబాలు మన సభ్యుల్లోనే ఉన్నాయి. ఇంత పట్టింపు ఉన్నా, రెండు జట్లు జనం ముందు పూర్తి నలభై నిమిషాల మ్యాచ్ ఆడిన సందర్భం కార్యవర్గంలో ఎవరికీ గుర్తు లేదు. అంతర్ కళాశాలల పోటీలకు వేరే ఊరు వెళ్లినప్పుడు ఎదురుపడడం, గెలిచినా ఓడినా రాత్రి బస్సుకు తిరిగి రావడం, అంతే.

మన జిల్లాలో ఆడపిల్లల ఆట అనగానే నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి వచ్చిన వెయిట్‌లిఫ్టర్లే గుర్తుకు వస్తారు, అది న్యాయమే. పక్క జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చినప్పటి నుంచి ఆ నమ్మకం మరింత గట్టిపడింది. అయితే ఇనుప కడ్డీ, ప్లేట్లు, ఒక రేకుల షెడ్డు, మంచి గురువు ఉంటే వెయిట్‌లిఫ్టింగ్ సాగుతుంది. బాస్కెట్‌బాల్‌కు ఒక పూట సాధన జరగాలన్నా పదిమంది ఆటగాళ్లు, సరైన కోర్టు, రెండు నిటారైన రింగులు కావాలి. మ్యాచ్ అంటే వాటికి తోడు రిఫరీలు, లెక్క రాసే బల్ల కూడా ఉండాలి. ఈ అమ్మాయిలకు లేనిది శక్తి, పట్టుదల కావు, ఈ సరంజామాయే అన్నది కార్యవర్గం అభిప్రాయం. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ ఈ అభిప్రాయం మీదే పెట్టాం.

మ్యాచ్‌కు ఎంచుకున్నది ఏ కళాశాలకూ చెందని పాఠశాల ఆవరణలోని సిమెంటు కోర్టు. మొదట టేపు పెట్టి కొలిచాం. పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు సరిగ్గానే ఉన్నాయి కాని, రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున ఉండవలసినది ఒక వైపు కుర్రాళ్లు వేలాడి వేలాడి ముందుకు వంగిపోయింది. పోటీ పెట్టకపోతే అది ఇంకెన్నాళ్లు అలాగే ఉండేదో. వెల్డింగు చేసే మన సభ్యుడు ఒకరు మజూరీ తీసుకోకుండా దాన్ని సరిచేసి, బోల్టులు మార్చారు. మూడు పాయింట్ల గీత (దీని బయటి నుంచి వేసిన బుట్టకు మూడు పాయింట్లు) కూడా పాతదే. అంతర్జాతీయ నియమాల్లో ఆ దూరం 2010లో 6.25 నుంచి 6.75 మీటర్లకు మారింది, మన కోర్టు మీద మాత్రం పాత అర్ధవృత్తమే మిగిలిపోయింది. దాన్ని బూడిద రంగు పెయింటుతో కప్పి, పసుపు రంగుతో కొత్త గీత వేయించాం. సాధనకు వచ్చిన మొదటి రోజునే కోట జట్టు షూటరు ఆ గీత దగ్గర నిలబడి రింగు వైపు చూసి, "మేడం, ఇది వెనక్కి జరిగిపోయింది" అని తమ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మేడంతో ఫిర్యాదు చేసింది. అర మీటరు తేడా చూపుకు చిన్నదే గాని చేతికి చిన్నది కాదు.

బంతి విషయమూ అలాంటిదే. మహిళల ఆటకు 6వ నంబరు బంతి వాడాలి. చుట్టుకొలత సుమారు 72 సెంటీమీటర్లు ఉంటుంది. రెండు కళాశాలల్లోనూ ఉన్నవి మగపిల్లల కోసం కొన్న 7వ నంబరు బంతులే. వాటితోనే ఏళ్ల తరబడి సాధన చేసిన అమ్మాయిలు ఇతర జిల్లాల పోటీలకు వెళ్లి చిన్న బంతితో ఆడవలసి వచ్చేసరికి పాస్‌లు చేతిని దాటిపోయేవని పీడీ మేడమ్‌లు ఇద్దరూ చెప్పారు. సంఘం నిధుల నుంచి ఒక్కో కళాశాలకు 6వ నంబరు బంతులు మ్యాచ్‌కు ముందే అందజేశాం.

ప్రేక్షకుల సంగతి కార్యవర్గంలో రెండు సమావేశాలు తినేసింది. ఆడపిల్లల మ్యాచ్‌కు ఆడవాళ్లనే రానివ్వాలని కొందరు పెద్దలు సూచించారు. 1896లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల మధ్య అమెరికాలో జరిగిన తొలి మహిళా అంతర్ కళాశాల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు మగవారిని అనుమతించలేదని, ఆనాటి స్కోరు 2–1 అని ఒక సభ్యురాలు గుర్తు చేశారు. నూట పాతిక ఏళ్లు దాటాక మనం మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాలా అని ఆమె అడిగిన మీదట చర్చ ముగిసింది. ఒక పొడుగు వైపు కుటుంబాలకు, రెండో వైపు విద్యార్థినులకు కేటాయించి, జట్ల బెంచీల వెనుక ఎవరినీ నిలబడనివ్వలేదు. ఈ ఏర్పాటు ఏ గొడవా లేకుండా నడిచింది. సెల్‌ఫోన్లతో గోడెక్కిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను దింపడం మినహా వలంటీర్లకు పని పడలేదు.

లెక్కల బల్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మ్యాచ్ తేలినది అక్కడే. రిఫరీలను విశాఖపట్నం నుంచి రప్పించినా, బల్ల దగ్గర కూర్చోవడానికి మన సభ్యురాళ్లు నలుగురికే శిక్షణ ఇప్పించాం. ఒకరు స్కోరరు, ఒకరు సహాయ స్కోరరు, ఒకరు ఆట గడియారం చూసే టైమరు, నాలుగో వారు 24 సెకండ్ల లెక్క, అంటే బంతి చేతికి వచ్చాక జట్టు షాట్ వేయడానికి ఉన్న గడువు, చూసేవారు. మొదటి, మూడవ క్వార్టర్ల స్కోరు ఎర్ర సిరాతో, రెండవ, నాలుగవ క్వార్టర్లవి నీలం సిరాతో రాయాలన్న నియమాన్ని కూడా తప్పకుండా పాటించారు. ఆ కాగితాన్ని సంఘం కార్యాలయంలో ఫైలు చేశాం, సభ్యులు ఎప్పుడైనా చూడవచ్చు. 1990లలో కళాశాల జట్లకు ఆడిన మన పాత ఆటగాళ్లకు ఇరవై నిమిషాల హాఫ్‌లు రెండు, షాట్‌కు 30 సెకండ్లు అలవాటు. అవి 2000లో పది నిమిషాల క్వార్టర్లు నాలుగుగా, 24 సెకండ్లుగా మారాయని వారికి నచ్చజెప్పడం అమ్మాయిలకు నేర్పడం కంటే కష్టమైంది.

ఆఖరి బస్సులు దృష్టిలో పెట్టుకుని మధ్యాహ్నం మూడు గంటలకే మ్యాచ్ మొదలుపెట్టాం. కోట జట్టు పొట్టి పిల్లలది, పరుగుల జట్టు. అవతలి వాళ్లు బంతి అందుకున్న క్షణం నుంచి కోర్టు పొడవునా మీద పడిపోయి, మొదటి క్వార్టర్లో స్టేషను జట్టును తమ సగం దాటనివ్వడమే గగనం చేశారు. ఎనిమిది సెకండ్లలో బంతి మధ్య గీత దాటించలేక స్టేషను జట్టు పదేపదే దాన్ని పోగొట్టుకుంది. రెండవ క్వార్టర్ నుంచి వాళ్లు తమ సెంటరును (రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగత్తెను) మధ్య గీత దగ్గరకు రప్పించి, నేరుగా ఆమె తల మీదికి పాస్ వేయడం మొదలుపెట్టాక ఆట తిరిగింది. బొబ్బిలి వైపు పల్లె నుంచి రోజూ వచ్చి చదువుకునే ఆ అమ్మాయి చెయ్యెత్తితే కోట జట్టులో అందుకోగల వారు లేరు. ప్రేక్షకుల్లో ఒక పెద్దావిడ, "ఓలమ్మా, ఆ పొడుగుపిల్లకి బంతి ఇయ్యరేటే!" అని అరిచిన ప్రతిసారీ పాస్ ఆ సెంటరుకే వెళ్లింది. ఆవిడ మనవరాలు ఆడుతున్నది కోట జట్టులో అని తర్వాత తెలిసింది.

ప్రతి విరామంలోనూ వలంటీర్లు తడి గోనెపట్టాలతో కోర్టు మీది సన్న ఇసుక తుడిచారు. అయినా మూడవ క్వార్టర్లో ఇద్దరు జారిపడ్డారు. మోకాలి చర్మం లేచిపోవడం తప్ప పెద్ద దెబ్బలు తగలలేదు. నాలుగవ క్వార్టర్ మధ్యలో స్టేషను సెంటరు ఐదవ ఫౌల్‌తో, నియమం ప్రకారం ఇక ఆడే వీలు లేక, బయటికి వచ్చేసింది. బెంచీ మీద కూర్చోకుండా గీత పక్కనే నిలబడి తమవాళ్లకు చేతులతో దారి చూపిస్తూ ఉండిపోయింది. ఆమె లేని నిమిషాల్లో కోట జట్టు ఒక్కొక్క బుట్టా వేసుకుంటూ స్కోరు సమం చేసింది.

చివరి అర నిమిషంలో బంతి స్టేషను జట్టు చేతిలో ఉంది. షాట్ రింగుకు తగిలి బయటికి వస్తే మళ్లీ వాళ్లే పట్టుకున్నారు. ఆటలో అప్పటికి మిగిలినవి ఇరవై సెకండ్లు. కొత్తగా 24 సెకండ్లు వచ్చాయనుకుని, వాళ్లు తొందరపడకుండా బంతి తిప్పుతూ ఆఖరి షాట్ కోసం ఆగారు. దాడి చేస్తున్న జట్టే రీబౌండ్ (రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతి) పట్టుకుంటే వచ్చేవి 14 సెకండ్లే. బల్ల దగ్గరి మన సభ్యురాలు నియమం ప్రకారం 14 పూర్తి కాగానే గంట కొట్టారు. రిఫరీ బంతిని కోట జట్టుకు ఇచ్చారు. మిగిలిన ఆరు సెకండ్లలో వాళ్ల షూటరు రింగు దాకా దూసుకుపోయి ఫౌల్ సంపాదించింది. ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుపడకుండా వేసే రెండు ఫ్రీ త్రోలలో మొదటిది రింగు వెనుక అంచుకు కొట్టుకుని బయట పడింది. ఆ అమ్మాయి అరచేతులు చొక్కాకు తుడుచుకుని, బంతిని నేల మీద మూడుసార్లు కొట్టి రెండవది వేసింది. వల కదిలింది. ఒక్క పాయింటు తేడాతో కోట జట్టు గెలిచింది.

స్టేషను జట్టు పీడీ మేడం మరునాడు సంఘానికి ఒక లేఖ రాశారు. నిర్ణయం తప్పని ఆమె అనలేదు. నియమం తెలిసినా, గడియారం బల్ల మీది స్టాప్‌వాచ్‌లో మాత్రమే ఉంటే ఆడేవారికి ఎన్ని సెకండ్లు మిగిలాయో ఎలా తెలుస్తుందని అడిగారు. చివరి ఐదు సెకండ్లు బల్ల దగ్గర గట్టిగా లెక్కపెట్టిన మాట నిజం, జనం కేకల్లో అది కోర్టు దాకా చేరలేదన్నదీ నిజం. ఆ లేఖను కార్యవర్గం ఏకగ్రీవంగా న్యాయమైనదిగా అంగీకరించింది.

ఇక నొచ్చుకున్న సభ్యుల మాట. ఈ కార్యక్రమంలో వేదిక, పూలదండలు, శాలువాలు, మెమెంటోలు లేవు. పిలిచిన అతిథులు మొదటి వరుసలో కుర్చీ మీద కూర్చుని ఆట చూసి వెళ్లారు. పెద్దలను గౌరవించలేదన్న ఫిర్యాదు రెండు మూడు చోట్ల నుంచి వచ్చింది. గత సంవత్సరాల్లో శాలువాలకు అయిన ఖర్చు, ఈ సంవత్సరం రింగు, గీతలు, బంతులు, శిక్షణకు అయిన ఖర్చు అనుబంధ పట్టికలో పక్కపక్కనే చూపించాం. సభ్యులు పోల్చి చూసి సమావేశంలో తమ అభిప్రాయం చెప్పాలని మనవి.

మిగిలిన చిక్కు సాధన సమయానిది. రెండు జట్లలోనూ రోజూ ఊళ్ల నుంచి వచ్చి వెళ్లే అమ్మాయిలు ఉన్నారు. కళాశాల విడిచాక ఆగితే ఎస్.కోట, బొబ్బిలి వైపు బస్సులు తప్పిపోతాయి. హాస్టలు పిల్లలు మాత్రమే సాయంత్రం సాధన చేస్తుంటే జట్టు కుదరడం లేదు. వారంలో రెండు రోజులు సాధన ముగిశాక ఈ అమ్మాయిలను ఊరికి చేర్చేందుకు షేర్ ఆటో ఖర్చు సంఘం భరించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం కళాశాలలే తీసుకుంటామన్నాయి.

దీనితో పాటు, రెండు రింగుల పైనా అమర్చే 24 సెకండ్ల డిజిటల్ గడియారాల జత కొనుగోలుకు సభ ఆమోదం కోరుతున్నాం. వచ్చే డిసెంబరు మ్యాచ్ స్టేషను వైపు కళాశాల కోర్టులో జరపడానికి వారు ఒప్పుకున్నారు. అక్కడి రింగుల ఎత్తు, గీతల దూరం కొలవడానికి ఇద్దరు సభ్యులు కావాలి. పేర్లు ఇవ్వదలచినవారు సమావేశం ముగిసేలోగా కార్యదర్శికి తెలియజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
కార్యవర్గం తరఫున, విజయనగరం