పరమాన్నంలో వేయాల్సింది ఏ కర్పూరం?

సంపాదకులు గారికి,

నమస్కారం. రథసప్తమి ముందురోజు మీ వంటల పేజీలో వచ్చిన బెల్లం పరమాన్నం గురించి ఈ ఉత్తరం. దాని చివర ‘చిటికెడు కర్పూరం, యాలకుల పొడి వేసి దించాలి’ అని ఉంది. దీనికి సవరణ వేయాలి. అదీ ఏదో మూల పేజీలో చిన్నక్షరాలతో కాదు, అదే వంటల పేజీలో. ఆ పేజీ కత్తిరించి డబ్బాలో దాచుకునే వాళ్లు మా ఇళ్లల్లో చాలామంది ఉన్నారు.

మా కోనసీమలో పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ గాడిపొయ్యి దగ్గర నిలబడే నా వయసంతా గడిచింది. ఇప్పుడు మోకాళ్లు మాట వినక, కుర్చీలో కూర్చుని కుర్రాళ్ల చేత చేయిస్తున్నాను. ఇంటికి నలుగురికి చేసినా, గుండిగతో నాలుగొందల మందికి చేసినా ఈ కర్పూరం సంగతి ఒకటే. హారతి కర్పూరం వెలిగించడానికి. బజారులో ఇప్పుడు దొరికేది చాలావరకు టర్పెంటైన్ నుంచి తయారయ్యేదే, తినడానికి చేసింది కాదు. పసిపిల్లలు మింగితే ఫిట్స్ కూడా రావచ్చు. వంటలోకి వాడేది పచ్చకర్పూరం. కిరాణా కొట్లో అడిగితే చిన్న డబ్బాలో ఇస్తారు, పలుకులు పలుకులుగా ఉంటుంది. పెద్దవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కానీ పేపరు ముందు పెట్టుకుని మొదటిసారి గరిటె పట్టిన పిల్లకి ఇంట్లో కర్పూరమంటే దేవుడి గూట్లో ఉన్న బిళ్లలే కదా!

పోనీ పచ్చకర్పూరమే అనుకున్నా చిటికెడు చాలా ఎక్కువ. ఇంట్లో నలుగురైదుగురు తినే గిన్నెకి సగం బియ్యపుగింజంత చాలు. దాన్నైనా కాస్త పంచదారతో కలిపి మెత్తగా నలిపి వేయాలి. లేకపోతే పలుకు తగిలిన వాళ్లకి నోరంతా చేదు, మిగతా వాళ్లకి వాసనైనా ఉండదు. అన్నప్రాశనకి చేసే పరమాన్నంలో అయితే నేను అసలు వేయను, ఎవరు అడిగినా సరే.

ఇక రెండో సంగతి. మా వీధిలో ఒకమ్మాయి మీ పేజీ చూసి చేసి, గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ‘బాబాయ్ గారూ, పేపర్లో ఉన్నట్టే చేశానండీ, ఇదిగో ఇలా అయింది’ అంది. మూత తీస్తే పైన పల్చగా గోధుమరంగు తేట, దాని మీద నెయ్యి చుక్కలు, అడుగున మెతుకుల్ని పట్టుకుని పాలవిరుగుడు. పారబోయకమ్మా, ఇంకాస్త నెయ్యి వేసి సన్నసెగ మీద దగ్గర పడనివ్వు, పొంగలిలా తినేయొచ్చు అని చెప్పి పంపాను. కానీ నైవేద్యానికి విరిగిన పాలు పెట్టకూడదని వాళ్ల అత్తగారు మళ్లీ పాలు తెప్పించారట. పండగపూట ఆ పిల్లకి ఎంత టెన్షన్!

మీ పేజీలో ‘మరుగుతున్న పాలలో బెల్లం తురుము వేసి పది నిమిషాలు ఉడికించాలి’ అని ఉంది. అలా చేస్తే పాలు విరగకపోతేనే వింత. బెల్లంలో సహజంగానే కాస్త పులుపు ఉంటుంది. చెమ్మ పట్టి జిగటగా మారిన పాత బెల్లంలో ఇంకా ఎక్కువ. పొద్దుటి పాలు మధ్యాహ్నానికి ఆ పులుపుని తట్టుకోలేవు, అందులోనూ సలసల కాగుతున్నప్పుడు. మా పద్ధతి ఇది. గ్లాసుడు బియ్యానికి ఐదు గ్లాసుల పాలు, గ్లాసు నీళ్లు. వీలైతే కొత్త బియ్యం తీసుకోవాలి. పాత బియ్యం పులిహోరకి బాగుంటుంది, పొడిపొడిగా వస్తుంది. పరమాన్నంలో మెతుకు వేలితో నొక్కితే వెన్నలా నలిగిపోవాలి, దానికి కొత్త బియ్యమే సరి. మెతుకు పూర్తిగా ఉడికాకే బెల్లం మాట ఎత్తాలి, ఎందుకంటే బెల్లం పడ్డాక ఇక మెతుకు ఉడకదు, బిగుసుకుంటుంది. గ్లాసున్నర బెల్లాన్ని అరగ్లాసు నీళ్లలో వేరే గిన్నెలో కరిగించి, గుడ్డలో వడకట్టాలి. ఎంత మంచి బెల్లంలోనైనా ఇసుకో, చెరకు పీచో ఉంటుంది. ఆ పాకాన్ని గోరువెచ్చగా చల్లారనివ్వాలి. పొయ్యి కట్టేసి, పాల పొంగు, బుడగలు సర్దుకున్నాక పాకాన్ని సన్నధారగా పోస్తూ కలపాలి. ఆ తర్వాత మళ్లీ మరిగించకూడదు. కిస్‌మిస్ కూడా పుల్లటిదే, జీడిపప్పుతో పాటు నేతిలో వేయించి ఆఖర్న వేసుకోవాలి.

కట్టెల పొయ్యి రోజుల్లో అయితే బెల్లం వేసే వేళకి కట్టెలు వెనక్కి లాగేసి నిప్పుల మీద ఉంచేవాళ్లం. ఇప్పుడు గ్యాస్ బర్నరు మంటంతా అడుగున నడిమధ్యే తగులుతుంది, అక్కడే మాడుతుంది. పాలు పోసే ముందు గిన్నె కడిగి, అడుగున తడి అలాగే ఉంచితే అడుగంటడం కొంత తగ్గుతుంది. తెడ్డు మాత్రం అడుగు గీరుతూ తిరగాలి, పైపైన కలిపితే లాభం లేదు.

విరిగిపోతుందన్న భయంతోనే చాలా ఇళ్లల్లో బెల్లం మానేసి పంచదారకి మారిపోయారని నా నమ్మకం. పంచదార ఎప్పుడు వేసినా పాలు విరగవు మరి. ఒకసారి పదిమంది చుట్టాల ముందు విరిగిందంటే ఇక ఆ ఇంట్లో బెల్లం పరమాన్నం ఊసే ఉండదు. క్యాటరింగ్ వాళ్లయితే కస్టర్డ్ పౌడరు కలిపి చిక్కబరిచి పేపరు కప్పుల్లో పోసిస్తున్నారు. దాన్ని పాయసం అనే అంటున్నారు, అననివ్వండి.

‘దగ్గర పడేవరకు’ అన్నారు, అదీ కుదరదు. పొయ్యి మీద దగ్గరపడిందంటే విస్తట్లోకి వచ్చేసరికి ముద్దగా పెళ్లలు విరుగుతుంది. చల్లారుతున్నకొద్దీ బియ్యం పాలు పీల్చుకుంటుంది. గరిటె ఎత్తితే ధారగా జారుతుండగానే దించేయాలి. బంతి లేచి బంతి కూర్చునే చోట మేం కాచిన పాలు విడిగా అట్టేపెట్టుకుని, వడ్డనకి ముందు కాసిని కలిపి తిప్పుతాం. ఆ పాలు కాచి చల్లార్చినవే అయినా కాస్త వెచ్చగా ఉండాలి. సేమ్యా పాయసానికి ఇది ఇంకా ముఖ్యం. సేమ్యా పావుగంటలో గిన్నెలో చుక్క పాలు మిగల్చదు.

ఇత్తడి గిన్నెలో వండితే శ్రేష్ఠం అని రాశారు. నిజమే, రథసప్తమి నాడు వాకిట్లో పిడకల మీద, ఎండ తగిలేలా ఇత్తడి గిన్నె పెట్టి, చెరకు ముక్కతో కలిపి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టడం మా వైపు ఇప్పటికీ ఉంది. ఆ పిడకల పొగ వాసన గ్యాస్ మీద ఎన్ని యాలకులు వేసినా రాదు. కానీ లోపల కళాయి, అంటే తగరం పూత, ఉన్న ఇత్తడి అని ఒక్క మాట రాయాల్సింది. కళాయి పోయిన గిన్నెలో పులుపు తగిలితే చిలుము పడుతుంది. ఇదివరకు కళాయి వేసేవాళ్లు వీధుల్లోకే వచ్చేవాళ్లు. గిన్నె ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా తగరాన్ని దూదితో గిర్రున తిప్పి పూసేవాళ్లు, లోపలంతా అద్దంలా మెరిసేది. ఇప్పుడు వాళ్ల కోసం మేమే వెతుక్కుంటూ వెళ్లాలి. అటక మీద నుంచి అమ్మమ్మ గారి గిన్నె దింపి, చింతపండుతో తోమి నేరుగా పొయ్యెక్కించే వాళ్లకి స్టీలు గిన్నెలో వండుకోమనే చెబుతాను. అడుగు మందంగా ఉంటే చాలు.

బెల్లం రంగు గురించి కూడా కాస్త రాయండి. బంగారు రంగులో మెరిసేదే మంచి బెల్లమని జనం దానికే ఎగబడతారు. ఆ మెరుపు కోసం చెరకు రసం కాచేటప్పుడు కొన్నిచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. అనకాపల్లి లాంటి పెద్ద బెల్లం మార్కెట్ ఉన్న రాష్ట్రంలో మనకి ముదురురంగు బెల్లం దొరక్కపోదు, అడగాలి అంతే. దాంతో చేసిన పరమాన్నం లేత గోధుమరంగులో ఉంటుంది. మీ పేజీలో వేసిన ఫొటోలోది మల్లెపువ్వులా తెల్లగా ఉంది, పైన కుంకుమపువ్వు కూడా చల్లారు. అది పంచదారతో చేసిందని వంట తెలిసిన వాళ్లెవరైనా చెప్పేస్తారు. ఉగాదికి వేసే ఫొటో అయినా బెల్లంతో చేసినదే వేయండి.

ఇట్లు,
ఒక పెళ్లివంటల మాస్టారు,
కోనసీమ