మూడు పుస్తకాలు చేరాయి కాబట్టి సమస్య లేదన్న మీ సమాధానంపై ఫిర్యాదు

విశాఖపట్నం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మూడు సంపుటాల నవలలో రెండో సంపుటం పంపకపోవడం, ఆ సంగతి ఎన్నిసార్లు తెలియజేసినా నా ఫిర్యాదును చదవకుండానే మూసివేయడం గురించి.

అయ్యా,

నేను విశాఖపట్నంలో ఒక కళాశాలలో ఆంగ్లం బోధించే అధ్యాపకురాలిని, ఎం.వి.పి. కాలనీ నివాసిని. మీ వెబ్‌సైటులో చాలా ఏళ్లుగా పుస్తకాలు కొంటున్నాను. మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ కలిసి రాసిన 'డ్రాగన్‌లాన్స్ క్రానికల్స్' మూడు సంపుటాల సెట్టును మీ వద్ద ఆర్డర్ చేసి, డబ్బు ముందుగానే చెల్లించాను. పార్శిల్ విప్పి చూస్తే మొదటి సంపుటం ఒకటి, మూడో సంపుటం రెండు ప్రతులు ఉన్నాయి. రెండో సంపుటం లేదు. పుస్తకాల కాగితం, అచ్చు, అట్టలపై నాకు ఏ ఫిర్యాదూ లేదు. పార్శిల్ కట్టేవారు పొరపాటున ఒకదాని బదులు మరొకటి పెట్టడం ఎక్కడైనా జరిగేదే. దానికి కోపగించుకునే మనిషిని కాను. ఆ తరువాత మీ సంస్థ నాతో వ్యవహరించిన తీరు గురించే ఈ లేఖ రాస్తున్నాను.

మొదట మీ సహాయ నంబరుకు ఫోన్ చేశాను. తెలుగు కోసం ఒక అంకె నొక్కమంటే నొక్కాను. చాలాసేపు సంగీతం వినిపించిన తరువాత లైనులోకి వచ్చినవారికి తెలుగు రాదు. ఆంగ్లంలో మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను. అంతా విని ఆయన, "మేడమ్, మీ ఆర్డర్‌లో ఉన్నవి మూడు పుస్తకాలు, మీకు అందినవి మూడు పుస్తకాలు, ఇందులో సమస్య ఏముంది?" అని అడిగారు. ఒకే పుస్తకం రెండుసార్లు వచ్చిందని చెప్పాను. "కానీ మూడు వచ్చాయి కదా మేడమ్" అన్నారు. ఒక్కో అట్ట మీద ఒక్కో ఋతువు పేరు ఉంటుందని, శరత్తు, శీతకాలం, వసంతం అన్న వరుసలో కథ నడుస్తుందని, నాకు అందనిది శీతకాలం సంపుటమని వివరించాను. తమ తెర మీద పుస్తకాల సంఖ్య మాత్రమే కనిపిస్తుందని, సంఖ్య సరిపోతే ఫిర్యాదు నమోదు చేయడానికి వీలు పడదని చెప్పి ఫోన్ పెట్టేశారు. ఆ సాయంత్రమే నా ఫిర్యాదు పరిష్కారమైందని, మీ సేవలకు నక్షత్రాలు ఇవ్వమని సందేశం వచ్చింది.

ఫోనులో చెప్పింది అర్థం కాకపోతే రాసి చెబుదామని మీ చాట్‌లోకి వెళ్లాను. అక్కడ ఒక ఉద్యోగిని నా ఆర్డర్ వివరాలలో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అన్న మాట చూసి, ఇది ఆటవస్తువు కాబట్టి తన పరిధిలోకి రాదంటూ నన్ను బొమ్మలు, ఆటల విభాగానికి బదిలీ చేశారు. ఆ విభాగం వారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, పెట్టెలో పాచికలు తగ్గాయా అని. పేరు చూసి ఎవరైనా పొరబడవచ్చు, అందువల్ల ఓపికగా పూర్తి వివరం రాసి పంపాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆ ఆటను బల్ల చుట్టూ కూర్చుని ఆడతారని, ఒకరు లోకాన్ని నడిపిస్తుంటే మిగిలినవారు ఒక్కొక్క పాత్రగా మాట్లాడతారని, గెలుపోటములను ఇరవై ముఖాల పాచిక తేలుస్తుందని రాశాను. ఆ ఆట కోసం అల్లిన క్రిన్ అనే లోకంలో ఈ నవలలు నడుస్తాయని, మొదటి సంపుటం 1984లోనూ తక్కిన రెండూ 1985లోనూ వెలువడ్డాయని, వీటిని చదవడానికి పాచికలతోగానీ ఆటతోగానీ పనిలేదని, నేను కొన్నవి నవలలేనని రాశాను. అంత రాసినందుకు వచ్చిన జవాబు ఇది: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఆట విడిభాగాల కోసం తయారీదారును సంప్రదించగలరు." నేను రాసినదానిలో ఒక్క వాక్యమైనా చదివిన మనిషి ఈ జవాబు ఇవ్వగలరా? చదవలేదన్న సంగతి ఆ క్షణంలో నాకు స్పష్టమైంది. పుస్తకం రాలేదన్న బాధ కంటే అదే నన్ను ఎక్కువగా నొప్పించింది.

పట్టు వదలకుండా మళ్లీ రాస్తే, మరొకరు ఫొటోలు కావాలన్నారు. అట్టల ఫొటోలు పంపాను. అవి చాలవని, రెండు ప్రతులూ ఒకటేనని రుజువు కావడానికి లోపలి పేజీలు కూడా పక్కపక్కన పెట్టి తీసి పంపమన్నారు. ఇంకా చదవని పుస్తకం లోపలి పేజీలు తెరవడం నాకు ఇష్టం లేదని చెప్పినా, ఫొటోలు లేనిదే ఫైలు ముందుకు కదలదన్నారు. తప్పనిసరై తీశాను. అలా తీస్తుండగా, నాకు అందని రెండో సంపుటంలో ఒక ముఖ్య పాత్ర మరణించిందన్న విషయం నా కంట పడింది. ఎవరో ఇక్కడ రాయను. ఈ లేఖ చేతులు మారినప్పుడు ఆ నవల చదవబోయేవారు ఎవరైనా ఉంటే నాకు జరిగిన నష్టం వారికీ జరగకూడదు. ఆ ఫొటోలను మీవారు తెరిచి చూసిన దాఖలా నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఆ తరువాత కొరియర్ అబ్బాయిని పంపారు. మిట్టమధ్యాహ్నం ఎండలో మూడో అంతస్తు ఎక్కి వచ్చిన ఆ అబ్బాయికి మంచినీళ్లిచ్చి, అదనంగా వచ్చిన ప్రతిని చేతికిచ్చాను. అతడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన ఫోను నాకు చూపించాడు. తీసుకోవలసిన వస్తువు 'బోర్డ్ గేమ్' అని, పక్కన ఏదో రంగురంగుల పెట్టె బొమ్మ ఉంది. "పుస్తకం తీసుకెళ్తే ఆఫీసులో ఒప్పుకోరు మేడమ్, నా జీతంలోంచి కోసేస్తారు" అన్నాడు. అతడి తప్పు ఏమీ లేదు. ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. మెట్లు దిగిన కాసేపటికే నాకు సందేశం వచ్చింది: "వస్తువు అప్పగించడానికి వినియోగదారు నిరాకరించినందున మీ అభ్యర్థన రద్దు చేయబడినది." పుస్తకం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిన నన్ను నిరాకరించిన దానిగా మీ రికార్డులో రాసుకున్నారు. ఈ మాటను వెనక్కి తీసుకునేంతవరకు నేను ఊరుకోను.

నేను తరగతిలో పాఠం చెబుతున్న వేళల్లో ఫోన్ చేసి, ఎత్తలేదు కనుక కేసు మూసేశామని తెలియజేయడం, సాయంత్రం నాలుగు తరువాత చేయమని రాసి పెట్టినా మరునాడు మళ్లీ ఉదయం పదకొండింటికే చేయడం పలుమార్లు జరిగింది. ప్రతిసారీ కొత్త ఫిర్యాదు సంఖ్య ఇస్తారు. కొత్త ఉద్యోగికి పాత సంభాషణ కనిపించదు. మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

చివరికి పర్యవేక్షకుడినని చెప్పుకున్న వ్యక్తి లైనులోకి వచ్చారు. ఆయనైనా వింటారనుకున్నాను. రెండో సంపుటం తమ గోదాములో లేదని, ఇంటర్నెట్‌లో ఆ పుస్తకం సారాంశం దొరుకుతుందని, అది చదివేసి మూడోది మొదలుపెట్టుకోవచ్చని సలహా ఇచ్చారు. పుస్తకాలు అమ్మే సంస్థ తరఫున మాట్లాడే వ్యక్తి నోటి నుంచి ఈ మాట రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

సారాంశం ఎందుకు పనికిరాదో ఆయనకు చెప్పబోతే వినలేదు కాబట్టి మీకు చెబుతున్నాను. అయిదేళ్ల క్రితం తలో దిక్కుకు వెళ్లిన మిత్రులు సోలేస్ ఊరి సత్రంలో తిరిగి కలుసుకోవడంతో మొదటి సంపుటం మొదలవుతుంది. రెండో సంపుటంలో ఆ బృందం రెండుగా చీలిపోతుంది. ఎవరు ఎటు వెళ్లారు, ఎవరు ఎవరికి దూరమయ్యారు, ఎవరు ఎలా మారారు అన్నదంతా ఆ సంపుటంలోనే ఉంది. రైస్ట్‌లిన్ అనే మాంత్రికుడి గుసగుస గొంతు, రచయితలకు ముందుగా తట్టినది కాదు. ఆటను పరీక్షించడానికి బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు ఆ పాత్ర వేసిన ఒక మిత్రుడు అలా మాట్లాడడంతో ఆ గొంతు నవలలోకి వచ్చింది. ఇటువంటి కథలో పాత్రల మధ్య నడిచే మాటలే ప్రాణం. కవల సోదరుడు కారమన్‌తో రైస్ట్‌లిన్ ముక్తసరిగా అనే ఒక్కొక్క మాటకూ, కెండర్ జాతి టాసిల్‌హాఫ్ ఇతరుల జేబుల్లోని వస్తువులు తన సంచిలో దొరికితే పలికే అమాయకపు జవాబులకూ సారాంశం రాయడం కుదరదు. నేను చిన్నతనంలో చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లకోసం నెల నెలా ఎదురుచూసిన తరానికి చెందినదాన్ని. వచ్చే నెల సంచిక అందకపోతే ఆ పై నెలది చదవకుండా దాచుకుని, పాత సంచికకోసం పక్కవీధులు తిరిగినవాళ్లం. మమ్మల్ని సారాంశంతో సరిపెట్టుకోమనడం అవమానం.

ఈ పుస్తకాలు నా ఒక్కదానికోసం తెప్పించుకున్నవి కూడా కావు. నా పూర్వ విద్యార్థులు, సహోద్యోగులు కొందరం ఆదివారం సాయంత్రాలు ఆర్.కె. బీచ్‌లో కాళీమాత గుడి సమీపంలో కలుసుకుని, చదివిన అధ్యాయాల గురించి మాట్లాడుకుంటాం. మొదటి సంపుటం అందరి చేతులూ తిరిగి పూర్తయింది. రెండోది ఎప్పుడు వస్తుందని ప్రతివారం అడుగుతున్నారు. వారిలో చాలామందికి మీ వెబ్‌సైటును పరిచయం చేసింది నేనే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కలిసిన సాహితీ మిత్రులకు కూడా, ఊళ్లో దొరకని పుస్తకం మీ దగ్గర దొరుకుతుందని నేనే చెప్పాను. కళాశాల గ్రంథాలయానికి పుస్తకాల జాబితా తయారు చేసినప్పుడు మీ పేరే సూచించాను. ఇన్నేళ్లలో డబ్బు ఒక్కసారీ ఆలస్యం చేయలేదు, అకారణంగా ఒక్క పుస్తకం తిప్పి పంపలేదు. అటువంటి కొనుగోలుదారుతో ఒక్క మనిషి ఒక్క పది నిమిషాలు శ్రద్ధగా మాట్లాడి ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటలలోగా తెలియజేయవలసిన బాధ్యత, నెల రోజులలోగా పరిష్కరించవలసిన బాధ్యత ఫిర్యాదుల అధికారివి. మీ పేరిట నేను పంపిన ఈమెయిళ్లకు యంత్రం పంపిన జవాబు తప్ప మరొకటి రాలేదు. నెల గడువు ఎప్పుడో దాటింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారు నివసించే చోటనే ఫిర్యాదు దాఖలు చేసుకోవడానికి వీలు కల్పించింది. అయిదు లక్షల రూపాయల వరకు విలువగల కేసులకు రుసుము కూడా లేదు. కాబట్టి మీ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, మీరు విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్ ఎదుటికే వచ్చి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు కూడా తెలియజేస్తాను. పుస్తకం ధర ఎంత, దీనికింత రభస ఎందుకని నా శ్రేయోభిలాషులే అడిగారు. ధర సంగతి వదిలేయండి, నన్ను లెక్కలోని మనిషిగా చూడకపోవడాన్ని వదిలేది లేదు.

నాకు రీఫండ్ అక్కరలేదు. నా వద్ద ఉన్న సంపుటాల ముద్రణకు, అట్టకు సరిపోయే రెండో సంపుటం కావాలి. మీ గోదాములో లేకపోతే బయట కొనుగోలు చేసి పంపండి. అదనపు ప్రతిని పుస్తకంగానే నమోదు చేసి తీసుకెళ్లండి. నేను వస్తువు అప్పగించడానికి నిరాకరించానన్న నమోదును తొలగించి, తొలగించినట్టు రాతపూర్వకంగా తెలియజేయండి. ఈ లేఖను ఆసాంతం చదివిన అధికారి తన పేరు, హోదాతో సంతకం చేసి జవాబు రాయాలి. సిద్ధంగా ఉంచుకున్న వాక్యాలతో జవాబు వస్తే దానిని కూడా కమిషన్‌కు సమర్పించే కాగితాలలో చేరుస్తాను. బిల్లు, చాట్ సంభాషణల ప్రతులు, మీవారు అడిగిన ఫొటోలు అన్నీ ఈ లేఖకు జతపరిచి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. లేఖ అందిన పదిహేను రోజులలోగా జవాబు రాకపోతే కేసు దాఖలు చేస్తాను.

ఇట్లు,
మీ సంస్థలో ఏళ్ల తరబడి పుస్తకాలు కొన్న ఒక అధ్యాపకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం