క్విజ్ తేదీ వేసేముందు మూడు క్యాలెండర్లు చూడండి సార్

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. ఉదయగిరి అవతల ఒక జడ్పీ హైస్కూల్లో సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా ఇలాంటి లేఖ రాసుంటే మెమో చేతికొచ్చేది. ఇప్పుడా భయం లేదు కాబట్టి నాలుగు మాటలు.

మా పిలకాయల్ని క్విజ్ పోటీలకు నెల్లూరు తీసుకుపోవడం చాలా ఏళ్ళు నా పనే. ఒకసారి జిల్లా స్థాయి ఫైనల్ డిసెంబరు 24న పెట్టారు. పెట్టిందెవరో ఇప్పుడు అనవసరం. సాధారణ సెలవుల జాబితాలో 24 లేదు కదా, ఎవరికీ తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు, అది ఒప్పుకోవాలి. మా జట్టులో ముగ్గురు. వాళ్ళలో గట్టి పిల్ల ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి. బజర్ మీద చెయ్యి పడిందంటే జవాబు వచ్చినట్టే. ఊళ్ళో చర్చిలో ఆ రాత్రి పాటలు పాడాల్సిందీ ఆ పిల్లే. తెల్లవారుజామున బస్సెక్కుతూనే అడిగింది, "సార్, రాత్రి ఆరాధనకి అందుకుంటామా?" అని. మూడింటికల్లా అయిపోతుందిలేమ్మా అన్నాను.

మూడింటికి ఫైనల్ మొదలే కాలేదు. ముఖ్య అతిథి రాలేదు. ఆయన వచ్చి, దీపం వెలిగించి, తన చిన్నప్పటి చదువు గురించి చెప్పి ముగించేసరికి ఐదు దాటింది. మాకు రెండో బహుమతి వచ్చింది. బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా తిరుగు ప్రయాణం. దారిపొడుగునా పల్లెల్లో ఇళ్ళ మీద క్రిస్మస్ స్టార్లు వెలుగుతున్నాయి. షీల్డు నా ఒళ్ళో ఉంది. పిల్ల కిటికీలోంచి ఆ స్టార్లే చూస్తూ కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. పదకొండున్నరకి దిగితే వాళ్ళ నాన్న మోటారు సైకిలు దగ్గర కాచుకొని ఉన్నాడు. నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మరుసటేడు ఆ పిల్ల క్విజ్‌కి పేరివ్వలేదు.

పండగనాడు పోటీ పెట్టకూడదని అందరికీ తెలుసు. ముందు రోజు సంగతే ఎవరూ ఆలోచించరు. నెల్లూరు టౌనులో ఉన్న పిల్ల పోటీ అయ్యాక ఆటో ఎక్కి పావుగంటలో ఇల్లు చేరుతుంది. వంద కిలోమీటర్ల అవతలున్న పిల్లకి ఆ రోజంతా బస్సులోనే పోతుంది. సంక్రాంతికి ముందైతే బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు, చాలా సంతోషం. కానీ ముందు బస్సు ఉండాలి కదా సార్.

మన జిల్లాలో అయితే రొట్టెల పండగ ఉండనే ఉంది. మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె అనుకుంటూ రొట్టెలు మార్చుకోవడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఆ నాలుగైదు రోజులు నెల్లూరులో లాడ్జి దొరకదు, బస్టాండులో నిలబడే చోటు దొరకదు. చెరువులో తల్లులు విద్యా రొట్టె పట్టుకుంటుంటే, ఆ విద్య కోసమే బయల్దేరిన పిలకాయలు ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం చూడాల్సొస్తే అంతకంటే విడ్డూరం ఉండదు. మా వైపు జూన్‌లో నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళప్పుడూ అంతే.

ముస్లింల పండగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. అందుకే కిందటేటి తేదీనే మళ్ళీ వేస్తే కుదరదు. 2025లో గురుపూజోత్సవం, మిలాదున్ నబీ ఒకే రోజు వచ్చాయి. ఇప్పుడు 2027 చూడండి. రామన్ ఎఫెక్ట్ కనుగొన్న గుర్తుగా జరిపే జాతీయ సైన్సు దినోత్సవం ఫిబ్రవరి 28 ఆదివారం పడింది. అంటే క్రైస్తవ పిల్లలు పొద్దున చర్చిలో ఉంటారు. రంజాన్ నెల కూడా అప్పుడే, సగం దాటి నడుస్తుంటుంది. ఉపవాసమున్న పిల్లాణ్ణి మధ్యాహ్నం మూడింటికి స్టేజీ ఎక్కించి ప్రశ్నలడిగితే మనం పరీక్షిస్తున్నది వాడి సైన్సునా, దాహాన్నా? ఒక వారం వాయిదా వేద్దామంటే మార్చి 6 మహాశివరాత్రి. ఆ తర్వాత పదో తరగతి పరీక్షల హడావుడి. సంక్రాంతికి వెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చాక, రంజాన్ మొదలయ్యేలోపు, జనవరి ఆఖరి వారంలో ఒక పనిదినం చూస్తే ఏ చిక్కూ లేదు. రామన్ ఎఫెక్ట్ గురించి నెల ముందు అడిగితే రామన్ గారేమీ నొచ్చుకోరు.

ఇన్ని చూస్తే ఏడాదిలో రోజే మిగలదని మీ ఆఫీసులో ఎవరైనా అనవచ్చు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు విద్యాహక్కు చట్టం చెప్పిన పనిదినాలే 220. వాటిలో మండలానికొకటి, డివిజన్‌కొకటి, జిల్లాకొకటి, మొత్తం మూడు రోజులు దొరకవా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్లు తప్పవు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అందుకని ఒక మారు తేదీ కూడా ముందే చెప్పి ఉంచాలి.

పోటీలు పెట్టే సంస్థలు బడుల్లోకి రావాలంటే మీ అనుమతి కావాలి. ఆ కాగితం మీదే ఒక షరతు రాయించండి: పంచాంగం, ఇస్లామీ క్యాలెండర్, చర్చి క్యాలెండర్ మూడూ చూసుకొని, పండగలకు ముందు రోజు, తర్వాతి రోజు వదిలి, జూన్‌లోనే తేదీ చెప్పాలని. పోటీ పదకొండింటికి మొదలై మూడింటికి ముగియాలి, అతిథి వచ్చినా రాకపోయినా. జట్టుకు నాలుగో పిల్లని రిజర్వులో ఉంచుకోనివ్వాలి. రాలేని పిల్ల వల్ల మిగతా ఇద్దరి పేరు కొట్టేయకూడదు. భోజనం సంగతి కూడా ఒకసారి అడగమనండి. అయ్యప్ప మాలలో ఉన్న పిల్లాడికి చికెన్ బిర్యానీ పొట్లం చేతిలో పెడితే వాడు అరటిపండుతో సాయంత్రం దాకా లాక్కొచ్చిన రోజు నాకు గుర్తుంది.

మూడు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి, దూరపు మండలాలకు నెల్లూరు నుంచి ఆఖరి బస్సు వేళలు కూడా రాసి ఒక పట్టిక తయారు చేశాను. వచ్చే సోమవారం గ్రీవెన్సుకి తెస్తున్నాను. పొద్దున మొదటి బస్సుకే బయల్దేరుతాను. సాయంత్రం ఆఖరి బస్సు అందేలోపు నన్ను పిలిస్తే చాలు.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంతపు ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు