ఏ ఫైలు? ఏ లైను?

సంపాదకులు గారికి,

మిర్యాలగూడ రైస్ మిల్లులకు లెక్కల ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. వాటికి బొమ్మలూ బటన్లూ ఉండవు, నల్ల తెర మీద కమాండ్ కొడితే నడుస్తాయి. పోయిన యాసంగిలో ఒక రాత్రి పదకొండింటికి ఒక మిల్లు గుమాస్తా ఫోన్ చేశాడు. గేటు బయట వడ్ల లారీలు ఆగి ఉన్నాయి, కాంటా లెక్క రావడం లేదు.

"ఏమంటున్నది?"

"ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్ అంటున్నది సార్. ఏది ఇన్‌వ్యాలిడో చెప్తలేదు."

బండేసుకుని పోయాను. సీజన్ మొదటి నుంచి ఉన్న ఎనిమిది వందల లైన్లూ కళ్లు కాయలు కాసేలా వెతికితే, ఒక లారీ బరువులో సున్నాకు బదులు ఇంగ్లిషు 'ఓ' పడి ఉంది. గుమాస్తాను తిడదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ రెండు మాటల మెసేజీ రాసింది నేనే. ఎక్కడ ఆగిందో ప్రోగ్రాముకు తెలుసు, చెప్పనియ్యంది నేను.

ఇప్పుడు అదే ప్రోగ్రాము ఇట్లా అంటుంది: "కాంటాలెక్క:యాసంగి:614: బరువులో అంకె కానిది ఉంది: 24ఓ60". ముందు ప్రోగ్రాము పేరు, తర్వాత ఫైలు, లైను నంబరు, ఆ తర్వాత సంగతి, మధ్యన కోలన్లు. ఇది నా సొంత తెలివి కాదు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసే గ్నూ ప్రాజెక్టు వాళ్ల కోడింగ్ ప్రమాణాల్లో ఉన్న వరసే. (మాటలు తెలుగువే గానీ ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తాను. చాలా టెర్మినళ్లలో, అంటే ఆ నల్ల తెరల్లో, మన ఒత్తులు చెదిరిపోతాయి.)

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎర్రర్‌ను మామూలు అవుట్‌పుట్‌లోనే పడేసేవాణ్ణి. ఆ అవుట్‌పుట్ రోజువారీ రిపోర్టు ఫైలులోకి పోతుంది కదా, ఒక రోజు లారీ నంబర్ల మధ్యన ఎర్రర్ లైను కూడా ప్రింటై షావుకారు చేతికి వెళ్లింది. పైగా పని చెడినా నా ప్రోగ్రాము తర్వాతి ప్రోగ్రాముకు సున్నా కోడ్ ఇచ్చే ముగిసేది. సున్నా అంటే అంతా సవ్యమని అర్థం, అందుకే ప్రింటు తీసే ప్రోగ్రాము ఆగలేదు.

పత్రికవారు కాబట్టి మీకు నచ్చే ముచ్చట ఒకటి. 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవాళ్లు ఫొటోటైప్‌సెట్టర్ (అక్షరాలను ఫొటో కాగితం మీద కంపోజ్ చేసే యంత్రం) వాడేవారు. కంపు కొట్టే యంత్రంలో కాగితం కడిగి, నిమిషాల తరబడి కాచుకుని చూస్తే, కంపోజ్ చేసిన పేజీకి బదులు ఫలానా ఫైలు తెరవలేకపోయాననే ఒక్క లైను, అందంగా అచ్చయి వచ్చేదట! ఆ విసుగులోంచే ఎర్రర్ల కోసం స్టాండర్డ్ ఎర్రర్ అనే వేరే దారి పుట్టింది. దాని నంబరు 2. అవుట్‌పుట్‌ది 1. యాభై ఏళ్ల కింద వాళ్లు పడ్డ గోతిలోనే నేనూ పడ్డాను.

కాలేజీ ల్యాబుల్లో మంచి ఫైలు ఇచ్చి, జవాబు వస్తే మార్కులేస్తారు. లేని ఫైలు పేరు ఒకటి, చెడిన లైను ఒకటి ఇచ్చి కూడా చూడాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ అధ్యాపకులకు నా విన్నపం. వేసవిలో నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజు నేను పెట్టే పరీక్ష అదే. ఇంతవరకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది "ఎర్రర్" అన్న ఒక్క మాటే ప్రింట్ చేశారు.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ